అన్నయ్య చీటీకి షూరిటీ సంతకం పెట్టనంటే పాపమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు గవర్నమెంట్ టీచర్. మీ అన్నయ్య చీటీ పాడుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే జీతం ఉన్నవాళ్లు షూరిటీ ఉండాలి కాబట్టి మిమ్మల్ని సంతకం పెట్టమంటున్నాడు. ఇదివరకు రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ వాయిదాలు ఆగిపోతే మీరే కట్టారు. ఈసారి వద్దనుకుంటున్నారు. అమ్మ ఏడుస్తోంది, మీ ఆయన సరిగ్గా మాట్లాడటం లేదు, పాస్టరుగారు బైబిల్ మాట చెప్పి "డెబ్బది ఏళ్ల మారులు" (అంటే డెబ్బై ఏడులసార్లు) క్షమించమన్నారు. కాదంటే దేవుని దృష్టిలో తప్పవుతుందా, ఈ పరిస్థితిలో క్రిస్మస్‌కి పుట్టింటికి వెళ్లాలా వద్దా అని అడిగారు.

నేను పాస్టర్‌ని కాదు, లాయర్‌ని కూడా కాదు. హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాను. మా సంఘంలో స్త్రీల సమాజం తరఫున కుటుంబ తగాదాల్లో కూర్చోవడం చాలా ఏళ్లుగా అలవాటు.

నేరుగా చెప్తాను: పాపం కాదు. ఈ సంతకం పెట్టకండి. ఆ మాట మీ నోటితో, మీ అన్నయ్యకే, సంతకాల రోజు దాకా ఆగకుండా ముందే చెప్పండి. అలా చెప్పాక అన్నయ్యగా ఆయనకు మీరు చేయగలిగింది ఏమైనా ఉంటే అది మాత్రం మానొద్దు.

ముందు ఆ సంతకం అంటే ఏమిటో చూడండి. చాలామంది దాన్ని మాట సాయం అనుకుంటారు. "ఊరికే సంతకమేగా, కట్టేది నేనేగా" అంటాడు అన్నయ్య. చట్టం అలా అనుకోదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరే షరతు రాసుకోకపోతే, బాకీదారుడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. ముందు ఆయన్ని అడిగి, ఆయన ఆస్తి చూసి, ఆ తర్వాత మీ దగ్గరికి రావాలని లేదు. నేరుగా మీ దగ్గరికే రావచ్చు. కోర్టు డిక్రీ (కట్టి తీరాలన్న తీర్పు) వస్తే జీతంలో దాదాపు మూడో వంతు దాకా నెలనెలా పట్టుకోవచ్చు. చీటీల వాళ్లకు గవర్నమెంట్ ఉద్యోగులంటే అంత ప్రేమ అందుకే.

బైబిల్ కూడా ఈ విషయంలో మెత్తగా మాట్లాడదు. సామెతలు 6వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు మీ కోసమే రాసినట్టుంటాయి. చెలికాడి కోసం పూటపడి, అంటే హామీ ఉండి, చిక్కుకుంటే, కంటికి నిద్ర రానివ్వకుండా వెళ్లి, తగ్గించుకుని బతిమాలి అయినా బయటపడమంటుంది, వేటగాడి చేతినుంచి లేడి తప్పించుకున్నట్టు. సామెతలు 22లో ఇంకా కటువుగా ఉంటుంది: కట్టడానికి నీ దగ్గరేమీ లేకపోతే నీ కింది పరుపు కూడా లాక్కుపోతారు అని. ఇది మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో జరిగిందో మీకే తెలుసు. అయినా ఈ వచనాల మీద ప్రసంగం నేను పెద్దగా వినలేదు. చందా గురించి వినిపించినంతగా వినిపించదు.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. బైబిల్లో పూటపడినవాళ్లూ ఉన్నారు. తమ్ముడు బెన్యామీను కోసం యూదా పూటపడ్డాడు. దాసుడైన ఒనేసిము బాకీ ఉంటే "నా లెక్కలో చేర్చు" అని పౌలు ఫిలేమోనుకు రాశాడు. మీ అన్నయ్యకి బైబిల్ బాగా తెలిస్తే ఈ రెండూ ఎత్తి చూపిస్తాడు. కానీ గమనించండి, ఇద్దరూ కట్టాల్సి వస్తుందని తెలిసే, కట్టడానికి సిద్ధపడే ముందుకొచ్చారు. ఎవరూ వాళ్లని మొహమాటపెట్టి కూర్చోబెట్టలేదు. అందుకే నన్ను అడిగినవాళ్లకి ఒకే లెక్క చెప్తాను: ఆ మొత్తం ఈరోజే ఆయన చేతిలో ఊరికే పెట్టేసి మర్చిపోగలరా? మీ ఆయన కూడా సరే అంటారా? అయితే సంతకం పెట్టండి. లేదంటే వద్దు.

ఇక క్షమాపణ సంగతి. డెబ్బది ఏళ్ల మారులు అన్న మాట మత్తయి 18వ అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయంలో, దానికి కొంచెం పైనే, నీ సహోదరుడు తప్పు చేస్తే వెళ్లి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని కూడా ఉంది. క్షమించమన్న నోరే తప్పును తప్పని చెప్పమంది. ఒక ముక్క మాత్రమే తీసి చెల్లెలి ముందు పెడితే, అన్నయ్య చేసిన దానికి లెక్క అడిగేదెవరు?

క్షమించడం వేరు, మళ్లీ నమ్మడం వేరు. యోసేపు కథ చదవండి. ఒకప్పుడు తనను బానిసగా అమ్మేసిన అన్నలు ధాన్యం కోసం ఐగుప్తుకు (ఈజిప్టుకు) వచ్చినప్పుడు వాళ్ల మాటలు విని పక్కకు వెళ్లి ఏడ్చాడు. మనసులో పగ ఉన్నవాడు అలా ఏడవడు. అయినా వెంటనే "నేను మీ తమ్ముణ్ణి" అని చెప్పలేదు. షిమ్యోనును ఉంచేసుకున్నాడు, బెన్యామీనును తెమ్మన్నాడు, బెన్యామీను సంచిలో తన గిన్నె పెట్టించి పరీక్షించాడు. తమ్ముడికి బదులు నేను బానిసగా ఉంటానని యూదా అన్న తర్వాతే తలుపు తీశాడు. వాళ్లు మారారో లేదో చూశాడు. ఈలోపు ఆకలితో మాత్రం ఉంచలేదు, ధాన్యం ఇచ్చి పంపాడు, డబ్బు కూడా సంచుల్లో తిరిగి పెట్టించాడు. యేసుప్రభువు గురించి కూడా యోహాను 2వ అధ్యాయం చివర రాసి ఉంది: ఆయన అందరినీ ఎరిగినవాడు కాబట్టి తనను వాళ్ల వశం చేసుకోలేదు అని. మనుషుల్ని ప్రేమించడానికి వచ్చిన ఆయనే అలా ఉన్నాడు.

మీరు అడగలేదు గానీ, మిమ్మల్ని లోపల తొలిచే వచనం ఇంకొకటి ఉండే ఉంటుంది. "నిన్ను అడుగువానికిమ్ము, నిన్ను అప్పు అడుగగోరువానినుండి నీ ముఖము త్రిప్పుకొనవద్దు." కొండమీద ప్రసంగంలోది. దీన్ని పక్కన పెట్టేసి మీకు సమాధానం చెప్తే నేను మోసం చేసినట్టే. ఇవ్వమని ఉంది, నిజమే. కానీ ఇవ్వడం అంటే నా చేతిలో ఉన్నది నేను ఇష్టపడి ఇవ్వడం. సణుక్కుంటూ, బలవంతంగా ఇవ్వొద్దని పౌలు కొరింథీయులకు స్పష్టంగా రాశాడు. షూరిటీలో మీరు ఇచ్చేది చేతిలో ఉన్నది కాదు, వచ్చే నాలుగేళ్ల జీతం. అందులో మీ ఆయన వాటా ఉంది, పిల్లల చదువు ఉంది. పైగా అది ఎప్పుడు, ఎంత పోతుందో నిర్ణయించేది మీరు కాదు. ఈ వచనాన్ని పాటించాలంటే నాకు తెలిసిన మంచి దారి ఒకటుంది: అప్పులూ హామీలూ మానేసి, చేతనైనంత ఊరికే ఇచ్చేయండి. మూడు లక్షలకు సంతకం పెట్టి ఏళ్ల తరబడి టెన్షన్ పడేకంటే పాతిక వేలు ఇచ్చి, అది తిరిగి రాదని అనుకోవడం మేలు. లూకా సువార్తలో ప్రభువు అన్నదీ అదే, తిరిగి వస్తుందని ఆశపడకుండా ఇవ్వమన్నాడు.

గలతీ 6వ అధ్యాయంలో రెండు వచనాలున్నాయి. ఒకరి భారాలు ఒకరు మోయమంటుంది రెండో వచనం. ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలంటుంది ఐదో వచనం. నా అనుభవంలో వీటికి అర్థం ఇలా కనిపించింది. ఒక తల్లికి ఆపరేషన్ వచ్చింది, పంట మునిగింది, భర్త పోయాడు. ఇవి భారాలు, అందరం పట్టుకోవాలి. నెల వాయిదా కట్టడం, పాడిన చీటీ డబ్బుతో ఏం చేయాలో ఆలోచించుకోవడం, తాహతుకు మించి ఫంక్షన్ చేయకుండా ఆగడం ఎవరి బరువు వాళ్లదే. అది మనం మోస్తే మీ అన్నయ్యకు భుజాలు రావు.

ఇప్పుడు ఎలా చెప్పాలి. అసలు కష్టం ఇక్కడే.

మన క్రైస్తవ ఇళ్లలో 'కాదు' అనడానికి ఒక మర్యాదైన దారి కనిపెట్టుకున్నాం: "ప్రార్థన చేసి చెప్తాను." నిజంగా ప్రార్థించేవాళ్లను ఏమీ అనను. కానీ నిర్ణయం అయిపోయాక ఆ మాట అంటే అబద్ధమే. అవతలి మనిషి ఆశ పెట్టుకుంటాడు, ఇంకెవరినీ అడగడు, చివరి రోజు మీ గుమ్మంలో కూర్చుంటాడు. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలన్నది ప్రభువు మాట.

రెండోది ఇంకా ఎక్కువగా చూస్తాను: "నాకు ఇష్టమే అన్నయ్యా, మా ఆయనే ఒప్పుకోవట్లేదు." ఈ మాట అన్న రోజుతో మీ పుట్టింట్లో మీ ఆయన దుర్మార్గుడైపోతాడు. ఇక జన్మలో ఆ పేరు పోదు. పండక్కి వెళ్లినా బావగారికి ప్లేటు విసిరినట్టు పెడతారు. మీరు పెట్టిన గీత మీదేనని మీరే చెప్పాలి. భార్యాభర్తలు కలిసి నిర్ణయించుకోండి, పుట్టింటివాళ్లకి మీరు చెప్పండి, అత్తింటివాళ్లకి ఆయన చెప్పాలి. పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకుంటాడన్న ఆదికాండం మాట పెళ్లి కార్డుల మీద వేయిస్తాం. దాని పని పెళ్లి అయ్యాకే మొదలవుతుంది, అదీ ఇలాంటి చోటే.

నేనైతే ఇంత మాత్రమే అనమంటాను: "అన్నయ్యా, చీటీకి షూరిటీ సంతకం ఇక నేను పెట్టను. ఈ ఒక్కదానికే కాదు, దేనికీ పెట్టను. పిల్లల స్కూల్ ఫీజు కష్టంగా ఉంటే చెప్పు, ఈ ఏడాది నేను నేరుగా స్కూల్లో కడతాను." (ఫీజు సంగతి మీకు చేతనైతేనే.) పాత బాకీల చిట్టా విప్పకండి. కారణాలు వరుసగా చెప్పకండి, ప్రతి కారణానికీ ఆయన దగ్గర ఒక జవాబు ఉంటుంది. ఎవరూ లేనప్పుడు, ఎదురుగా కూర్చుని చెప్పండి. వాట్సాప్‌లో పెట్టొద్దు, స్క్రీన్‌షాట్ తీసి చుట్టాలందరికీ పంపుతారు.

తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. మొదట పిన్ని ఫోన్ చేస్తుంది, తర్వాత మేనత్త. "ఉద్యోగం చూసుకుని మిడిసిపడుతోంది" అన్న మాట మీ చెవిన పడుతుంది. అమ్మకి బీపీ పెరిగిందంటారు. సంఘం వాట్సాప్ గ్రూపులో "హృదయం కఠినపరచుకున్న ఒక సోదరి కోసం ప్రార్థించండి" అని ప్రార్థన మనవి కూడా రావచ్చు, నేను చూశాను. ఇది చాడీయే, ప్రార్థన వేషం వేసుకుంది. అందరికీ ఒకటే వాక్యం చెప్పండి: "అన్నయ్యతో మాట్లాడాను, ఆయనకి తెలుసు." గొంతు పెంచొద్దు, కొత్త వివరాలు కలపొద్దు. పాస్టరుగారిని మాత్రం మీరిద్దరూ వెళ్లి ఒకసారి కలవండి. బహుశా ఆయనకి ముందు రెండుసార్లు ఏమైందో తెలియదు. చాలామంది పాస్టర్లు ఒకవైపు మాట విని సలహా ఇస్తారు, రెండోవైపు విన్నాక మారినవాళ్లూ ఉన్నారు.

ఒక విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. గీత పెట్టగానే అన్నీ సర్దుకుంటాయని హామీ ఇవ్వలేను. కువైట్‌లో పనిచేసే ఒకావిడ మా సంఘంలో ఉండేది. పంపిన డబ్బంతా తమ్ముడి చేతుల్లోకే వెళ్లేది. ఇక ఇంతే పంపుతానని, అదీ అమ్మ అకౌంట్‌కే పంపుతానని చెప్పింది. తమ్ముడు కొన్నాళ్లు అలిగాడు, తర్వాత ఆటో కొనుక్కుని నడుపుకున్నాడు, ఇప్పుడు ఎయిర్‌పోర్టుకి వెళ్లి అక్కను తీసుకొచ్చేది అతనే. ఇంకో ఇంట్లో దాదాపు ఇదే చేస్తే, అన్న చెల్లెలి కూతురి పెళ్లికి కూడా రాలేదు. ఇద్దరూ అన్నది ఒకేలాంటి మాట. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అందరితో సమాధానంగా ఉండమన్నాడు పౌలు. మన చేతుల్లో లేని భాగం ఉంటుందని ఆయనకీ తెలుసు. మీ 'కాదు' మీ అన్నయ్యని మార్చడానికి కాదు. మీరు ఏం చేస్తారో, ఏం చేయరో చెప్పడానికి. మారడం మారకపోవడం ఆయన పని.

ఇలా గీత పెట్టడాన్ని తప్పుగా వాడేవాళ్లు కూడా ఉన్నారు. ఈ మధ్య వీడియోలు చూసి "బౌండరీ", "టాక్సిక్" అనే మాటలు నేర్చుకుని తండ్రికి ఫోన్ చేయడం మానేసిన ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. కదిలిస్తే తెలిసింది, అసలు గొడవ ఇంటి స్థలం పంపకం. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది "కొర్బాను, దేవునికి అర్పితం" అని చెప్పి తప్పించుకునేవాళ్లను మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు గట్టిగా తిట్టాడు. అప్పుడు దేవుడి పేరు అడ్డం పెట్టుకున్నారు, ఇప్పుడు మనశ్శాంతి పేరు. కాబట్టి మీ అమ్మ విషయంలో జాగ్రత్త. ఆవిడ మీ అన్నయ్య ఇంట్లోనే ఉంటోందన్నారు. అన్నయ్యతో పేచీ వచ్చిందని అమ్మ మందులు ఆగకూడదు. నెలకు సరిపడా మందులు మీరే కొని పంపండి, లేదా ఊళ్లో మెడికల్ షాపుకి ఫోన్‌పే చేయండి. ఆవిడకు వారానికోసారి ఫోన్ చేయండి, చీటీ మాట ఎత్తితే "అమ్మా, అది నేనూ అన్నయ్యా చూసుకుంటాం" అని వేరే మాటలోకి వెళ్లండి. ఆవిడ ఏడుపు కోపంతో కాదు, భయంతో. ఉండాల్సింది మీ అన్నయ్య దగ్గరే కదా. ఆడపిల్లకి ఆస్తి అడిగితే "పెళ్లయిపోయిందిగా" అనే ఇల్లే, సంతకం దగ్గరకొచ్చేసరికి "రక్తసంబంధం" అంటుంది. అది చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. అయినా ఆ మంట ఆ ముసలావిడ మీద చూపించకండి.

ఇక్కడ ఇంకో మాట, మీకు కాదు, ఇది చదివే వేరేవాళ్లకి. ఇంట్లో చేయి చేసుకునే మనిషి ఉంటే ఈ సలహాలేవీ మీకు కాదు. కూర్చుని మాట్లాడటం, ఒకరిద్దరిని తీసుకెళ్లడం తర్వాత. ముందు సురక్షితమైన చోటుకి వెళ్లండి. 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రమాదం మీద ఉంటే 112. దావీదును చంపాలని వెంటాడిన సౌలు రాజు "ఇక నీకు కీడు చేయను, తిరిగి రా" అని పిలిచినప్పుడు దావీదు ఏం చేశాడో 1 సమూయేలు 26లో చూడండి. తన చేతికి చిక్కిన సౌలు ఈటె తిరిగి ఇచ్చేశాడు, పగ తీర్చుకోలేదు, కానీ ఆయన వెంట వెళ్లలేదు, తన దారిన తాను వెళ్లిపోయాడు.

మీ ఆయన సంగతి. ఆయన మౌనానికి కారణం మీ అన్నయ్య ఒక్కడే అనుకోను. ముందు రెండు సంతకాలు ఆయనకి చెప్పే పెట్టారా? మీ ప్రశ్నలో ఆ సంగతి రాయలేదు. చెప్పకపోతే ఈ వారమే మొత్తం చెప్పండి. చీటీ ఆఫీసుకి వెళ్లి ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయో రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడండి. బ్యాంకు లోన్‌కి కూడా ఎక్కడైనా హామీ ఉన్నారేమో సిబిల్ రిపోర్టులో (మీ పేరు మీద ఉన్న అప్పుల చిట్టాలో) తెలుస్తుంది, ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు. పాత సంతకాల నుంచి ఎంతవరకు బయటపడొచ్చో ఒక అడ్వకేట్‌ని అడగండి. ఇప్పటికే పడిపోయిన బాధ్యత మామూలుగా పోదు. నడుస్తూ ఉండే హామీ అయితే ఇకముందు లావాదేవీలకు ఆపమని నోటీసు ఇచ్చే వీలు చట్టంలో ఉంది. కోర్టు సమన్లు వస్తే మాత్రం "అన్నయ్య చూసుకుంటాడు" అని పక్కన పడేయకండి, మీరు వెళ్లకపోతే మీరు లేకుండానే డిక్రీ ఇస్తారు.

క్రిస్మస్‌కి వెళ్లండి. లాబాను, యాకోబు కథ గుర్తుందా? అల్లుడి జీతం పదిసార్లు మార్చిన మామ, చెప్పకుండా పారిపోయిన అల్లుడు. గిలాదు కొండ దగ్గర దొరికాక ఇద్దరూ ఒక రాళ్ల కుప్ప వేసుకున్నారు. హాని చేయాలని నేను ఇది దాటి నీ వైపు రాను, నువ్వు నా వైపు రాకూడదు అని మాట అనుకున్నారు. ఆ కుప్ప దగ్గరే కలిసి భోజనం చేశారు. తెల్లారి లాబాను కూతుళ్లనూ మనవలనూ ముద్దు పెట్టుకుని, దీవించి వెళ్లాడు. మళ్లీ కలిసి ఉండలేదు, మళ్లీ కొట్టుకోనూ లేదు. కొన్ని బంధుత్వాలకు అంత దూరమే ఆరోగ్యం.

కాబట్టి పండక్కి ముందే అన్నయ్యకి మాట చెప్పేయండి, పండగ రోజుకి దాచుకోకండి. రాత్రి ఆరాధనకి వెళ్లండి, పిల్లలకి బట్టలు తీసుకెళ్లండి, వదినకి వంటలో సాయం చేయండి. ఎన్నాళ్లు ఉండాలో మీ ఆయనతో ముందే అనుకోండి, కాదన్నాక మొదటిసారి కాబట్టి ఒక రాత్రి చాలు. భోజనాల దగ్గర అందరి ముందు చీటీ మాట ఎత్తితే, "అది అన్నయ్యకి చెప్పాను పిన్నీ, పండగ పూట వద్దు" అనండి. రెండోసారి ఎత్తితే లేచి పిల్లల దగ్గరికి వెళ్లండి. మూడోసారి కూడా అదే జరిగితే, అమ్మకి చెప్పి, కోపం చూపించకుండా సాయంత్రం బస్సుకి వచ్చేయండి. మళ్లీ సంక్రాంతి సెలవులకి అమ్మను మీ ఇంటికి తీసుకొచ్చి నాలుగు రోజులు ఉంచుకోవచ్చు.